ఘాటు తెలిసింది, వాసన తెలియలేదు

జుట్టు ఉంగరాలు తిప్పే మందు సీసా మూత తీయగానే మీరు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంటారు. ఆ మందు పూసే మనిషికి చెంగు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదని ఎప్పుడైనా గమనించారా?

ఎనభైల మధ్యలో మా చెల్లెలు గుంటూరు బ్రాడీపేటలో ఒక లేడీస్ పార్లర్‌లో పనిచేసేది. ఒకటే గది. రోడ్డు మీద మగవాళ్ళు తొంగిచూస్తారని కిటికీ రెక్కలకు మేకులు కొట్టి, అద్దాలకు కాగితం అంటించారు. పరువుతోపాటు ఆ మందులోని అమ్మోనియా ఘాటు కూడా లోపలే ఉండిపోయింది. మొదట్లో కళ్ళు మండుతున్నాయనేది. తరవాత అనడం మానేసింది. అలవాటు పడిందనుకున్నాం.

ఒక సాయంత్రం పప్పు అడుగంటి ఇల్లంతా మాడు కంపు. చెల్లెలు పొయ్యి పక్కనే కూర్చుని తాపీగా జడ అల్లుకుంటోంది.

"ఏమే, ముక్కు పార్లర్‌లో మర్చిపోయొచ్చావా?" అని అరిచింది అమ్మ.

"నాకు వాసనలు తెలియడం లేదమ్మా. చాన్నాళ్ళయింది."

అమ్మ వెంటనే దిష్టి తీయడానికి లేచింది. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి చెల్లెలి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. మిరపకాయలు కాలినా వాసన రాకపోతే దిష్టి ఉన్నట్టని మా వైపు నమ్మకం. ముగ్గురం దగ్గాం.

"వాసనొచ్చిందా?"

"గొంతు మండుతోంది గానీ వాసన లేదమ్మా."

"చూశావుట్రా, ఎంత దిష్టో!"

"నువ్వూ దగ్గుతున్నావు కదమ్మా, నీకూ దిష్టేనా?" అన్నాను.

"ఈ మొహానికి దిష్టి ఎవడు పెడతాడురా?"

దిష్టి నమ్మకాన్ని హేతువాద సభల్లో ఎన్నిసార్లు చీల్చి చెండాడానో. ఆ పూట మాత్రం వాదించే ఓపిక లేకపోయింది.

ముక్కు డాక్టరు ఆ మందు ఘాటే కారణమని చెప్పి, పార్లర్ గదికి దూరంగా ఉండమన్నాడు. వాసన తిరిగి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. కిటికీ తెరిపించమని పార్లర్ యజమానురాలిని అడిగాను.

"కిటికీ తీస్తే మర్యాదస్తులు లోపలికి అడుగు పెడతారా, మీరే చెప్పండి," అందావిడ.

చెల్లెలు పని మానేసింది. ఆ వారంలోనే ఆమె చోట ఇంకో అమ్మాయి నిలబడింది. చెల్లెలికి వాసన మళ్ళీ తెలియలేదు. పాలు విరిగాయో లేదో ఇప్పటికీ పక్కింటివాళ్ళకు చూపించి అడుగుతుంది.

ఆ మేకులు మీ పేరు చెప్పి కొట్టినవే, మీరు రారేమోనన్న భయంతో. ఈసారి పార్లర్‌కి వెళ్ళినప్పుడు వెంటనే కుర్చీలో కూర్చోకండి. మరుగు కావాలంటే కిటికీకి గుడ్డ కట్టించుకోండి. ముందు ఆ మేకులు పీకించండి.