అత్తను ఎవరు తలుచుకుంటున్నట్టు?

ఆ రోజుల్లోనే ఇదంతా ఎందుకు రాయలేదని అడగకండి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. (వచ్చినవాళ్లు మాత్రం ఏం రాశారు గనుక!) పెళ్లిచూపుల్లో మా నాన్న "ఐదు చదివింది" అని ఆడిన అబద్ధాన్ని కూర్మన్నపాలెం కాపురంలో పదేళ్లు కంటికి రెప్పలా కాపాడుకొచ్చాను. అంతలో మా అత్తకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి పంపిస్తూ, ఆమెకు తిండీ నీళ్లూ ఎలా పట్టాలో రాసిన తెలుగు కాగితం నా చేతిలో పెట్టారు. మా ఆయన ప్లాంటు షిఫ్టుకు పరిగెడుతూ, "నువ్ సదివి సూసుకో" అన్నాడు. చూసుకున్నాను. మంచి కాగితం.

గ్లాసుకు పెదవి తగిలితే ఎంగిలని, అత్త తల వెనక్కి వంచి పైనుంచి నీళ్లు పోసేదాన్ని. గుక్క గుక్కకీ పొలమారేది. పొలమారిందంటే ఎవరో తలుచుకుంటున్నట్టే కదా! తల్లిని చూడ్డానికని భీమిలి నుంచి వచ్చి తిష్ట వేసిన మా ఆడపడుచు, ఆమె మాడు మీద తడుతూ చుట్టాల పేర్లన్నీ వల్లించేది. అదీ చాలక ఒక్కొక్కరికే ఫోను చేసి, "మాయమ్మని తలుసుకోకండర్రా, సచ్చిపోతంది!" అని తిట్టింది. "కాయితంలో ఏటి రాసినారే?" అని నన్నడిగితే, వేలు పెట్టి వరస వెంబడి నడిపించి, "ఎవులూ తలుసుకోకూడదనే రాసినారు వొదినా" అన్నాను. (నా మొదటి రచన అదే.)

నాలుగో రోజు మంచినీళ్లకే అత్త మొహం నీలమై, గుడ్లు తేలేసింది. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. నర్సమ్మ గొంతు శుభ్రం చేసి, నా చేతిలో కాగితం లాక్కుని అందరి ముందూ చదివింది: "కూర్చోబెట్టాలి. గడ్డం కిందికి దించాలి. చెంచాతో కొంచెం కొంచెం పట్టాలి. పలచనివి వద్దు, చిక్కగా ఉండాలి." చదివి, "ఇది సదవనేదా అమ్మా?" అంది.

"నాకు సదువు రాదమ్మా," అన్నాను.

వదిన నోరు తెరిచింది. అత్త వంకరపోయిన మూతితోనే, "నాకెప్పుడో తెలుసే" అంది. తెలిసీ నా చేత పోయించుకుంది మహాతల్లి!

మర్నాడు పొద్దున్నే అత్తను కూర్చోబెట్టి, గడ్డం దించి, చిక్కటి చోడి (రాగి) అంబలి చెంచాతో పట్టాను. గిన్నె ఖాళీ అయింది, ఒక్క దగ్గు లేదు. వదిన మొహం చిన్నబోయింది. "ఈయాల మాయమ్మని ఎవులూ తలుసుకోనేదేటి?" అంది. నేను ఆ కాగితం మడిచి పట్టుకుని, వీధి చివర అంగన్‌వాడీ పంతులమ్మ ముందుకెళ్లి కూర్చున్నాను.

"అ, ఆలతో మొదలెడదాం," అందావిడ.

"అయి తరవాత మేడం," అన్నాను. "ముందు గడ్డం నేర్పండి."