అత్త చెయ్యి, కరెంటు పొయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పట్టుకు రంగు సరిగా పట్టకపోతే నీళ్ళను ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు, మనిషినే అనుమానించేవాళ్ళు. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది కడప దగ్గరి నేతగాళ్ళ ఊరు. ఇంట్లో మగ్గాలు మా పెదనాయనవి, మాటా ఆయనదే. పట్టు చిలపలకు, అంటే దారపు చుట్టలకు, రంగు వేసే పని మాత్రం మా అత్తది, అంటే మా నాయన చెల్లెలిది. పెళ్ళికి ముందు ఆమె చేతి రంగు చూసి పక్క వీధివాళ్ళు కూడా తమ పట్టు తెచ్చి ఇచ్చేవాళ్ళు. పెళ్ళయిన కొన్నేళ్ళకే మామ పోయాడు. అత్త తిరిగి మా ఇంటికి వచ్చింది. ఆ నెలలోనే పెదనాయన కట్టెల పొయ్యి మాన్పించి కరెంటు పొయ్యి తెచ్చాడు. మట్టి పళ్ళెంలో చుట్టలు చుట్టిన తీగ, దాని మీద రంగు గంగాళం. మా వీధిలో అదే మొదటిది. చూడటానికి వచ్చిన వాళ్ళందరికీ ఆయనే స్వయంగా స్విచ్చి వేసి చూపించేవాడు.

ఆ పొయ్యి మీద ఒక మధ్యాహ్నం వేసిన మొదటి రంగే చెడింది. ఎర్ర చిలపలు వెలిసిపోయినట్టు మచ్చలు మచ్చలుగా వచ్చాయి. పట్టుకు రంగు పట్టాలంటే నీళ్ళు సలసల కాగాలి. కాగడం లేదని అత్త ముందే చెప్పింది. "తీగ ఎర్రగా ఉండాది గదా, ఇంగేం కావల్ల నీకు?" అని పెదనాయన కసిరాడు. రెండోసారీ మధ్యాహ్నమే వేశారు, అంతే అయింది. అప్పుడు అన్నాడు ఆ మాట. ఆమె చెయ్యి అచ్చిరాదట, ఇకమీదట గంగాళం దరిదాపులకు రాకూడదట. మా అవ్వ కూడా, కన్నతల్లి అయ్యుండీ, తలూపింది.

ఇంటికి కొత్తగా వచ్చినవి రెండు, పొయ్యీ అత్తా. పొయ్యి మీద ఈగ వాలనివ్వలేదు గానీ నింద మాత్రం మనిషి మీద వేశారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అందరూ విన్నదే. మా ఇంట్లో దుత్త తప్పు తెచ్చి అత్త నెత్తిన పెట్టారు. రంగు పని పోతే ఆ ఇంట్లో ఆమె ఉట్టి తిండికి ఉన్న మనిషి. అది ఆమెకు తెలుసు. ఎవరైనా ఎదురైతే కుడిచెయ్యి కొంగులో దాచుకునేది.

పక్కింటి అక్క కడపలో పాలిటెక్నిక్ చదివేది. సెలవులకు వచ్చి ఈ సంగతి విని నాకన్నా ఎక్కువ మండిపడింది. మళ్ళీ కాలేజీకి పోయి, వాళ్ళ సారును అడిగి వోల్టులు, ఆంపియర్లు కొలిచే రెండు మీటర్లు తెచ్చింది. పొలాల మోటార్లు ఆగి ఉన్న పొద్దున ఒకసారి, అవి తిరిగి కరెంటు లాగేసే మధ్యాహ్నం ఒకసారి మా పొయ్యికి తగిలించి చూసింది. అయితే తను చెబితే పెదనాయన వినడని ఆమెకు తెలుసు. ఆయనకు నా లెక్కలంటే మహా గర్వం, ఎవరొచ్చినా నా చేత ఎక్కాలు చెప్పించేవాడు. అందుకని సుద్దముక్క నా చేతికిచ్చి, పాప భాగహారం సరిగా చేస్తుందో లేదో చూడమని ఆయన్ను పిలిచింది.

పొద్దున రెండు వందల ఇరవై వోల్టులు, నాలుగు ఆంపియర్లు. భాగిస్తే యాభై ఐదు. అది ఆ తీగ నిరోధం, అంటే కరెంటుకు అది ఎంత అడ్డుపడుతుందో ఆ లెక్క అని అక్క చెప్పింది. మధ్యాహ్నం నూట పది వోల్టులు, రెండు ఆంపియర్లు. భాగిస్తే మళ్ళీ యాభై ఐదే. "తీగ మారల్యా మామా. నీ పొయ్యిలో తప్పేమీ ల్యా" అంది. పెదనాయన మురిసిపోయాడు. అప్పుడు అవే అంకెలను గుణించమంది, అది వేడి లెక్కట. పొద్దున ఎనిమిది వందల ఎనభై వాట్లు. మధ్యాహ్నం రెండు వందల ఇరవై. వోల్టులు సగమైతే వేడి సగం కాదు, నాలుగోవంతు. "నాలుగోవంతు వేడికి ఆయమ్మ చెయ్యి ఏం చేస్తాది మామా?" అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే, మోటార్లు మొదలుకాకముందు అత్తను పిలిచి రంగు వేయమన్నారు. మిరపపండులా దిగింది ఎరుపు. పెదనాయన వీధంతా తిరిగి, లైను చివరి ఇళ్ళకు కరెంటు సరిగా రాదని అందరికీ పాఠం చెప్పాడు. అత్తకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు. నా కడుపుమంట అందుకే. పొయ్యిని వెనకేసుకొచ్చారు, లైనును తిట్టారు, మనిషిని నొప్పించామన్న ఊసే లేదు.

ఆ సాయంత్రం ఎర్రబడిన చేతులు కడుక్కుంటూ అత్త నన్ను మెల్లగా అడిగింది. "పొయ్యి తప్పు ల్యాదని నీ లెక్కలో వచ్చింది గదా పాపా. నా తప్పు ల్యాదని యాడ రాసినావు?"

మొన్న మా మనవరాలి పెళ్ళికి పసుపు దంచుతుంటే, భర్త పోయిన మా కోడలి చెల్లెలు ఎవరూ చెప్పకుండానే పక్కకు తప్పుకుంది. నేను లేచి రోకలి తెచ్చి ఆమె చేతికే ఇచ్చాను. నలుగురూ గుసగుసలు పోయారు. ముందు లెక్క వేసి రండి, ఆమె చెయ్యి గురించి అప్పుడు మాట్లాడదాం అన్నాను.