విశాఖ నుంచి ఓర్వకల్లుకు: ఐదూ పందొమ్మిది

కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైన మరుసటి శీతాకాలం నేను హైదరాబాదులో ఒక చిన్న విమాన సంస్థలో సీనియర్ ఫ్లైట్ డిస్పాచర్‌ని. ప్రతి విమానానికీ దారి, ఇంధనం, చేరే సమయం లెక్కగట్టి పత్రం తయారుచేయడం మా పని. దాని మీద డిస్పాచరూ కెప్టెనూ ఇద్దరూ సంతకం చేస్తేనే విమానం కదులుతుంది.

విశాఖ నుంచి ఓర్వకల్లుకు గాలిలో దాదాపు ఐదువందల ఎనభై కిలోమీటర్లు. టికెట్టు కొనేవాళ్లు ఆ దూరాన్ని వేగంతో భాగించి గంటా పది నిమిషాలంటారు. మేము ఎక్కడం, దిగడం, ఎదురుగాలి, రన్‌వే దాకా నేలమీద పోయే సమయం అన్నీ కలుపుతాం. అప్పట్లో మా విమానాలు ఓర్వకల్లులో పగలే దిగాలి. పొద్దు మునగడానికి అరగంట ముందే దిగాలన్నది సంస్థ నియమం. ఆ రోజు సూర్యాస్తమయం ఐదూ నలభై అయిదుకు. మా గడువు ఐదుంబావు.

విశాఖలో హైస్కూలు టీచరుగా ఉన్న మా తమ్ముడు ఆ విమానంలో ఎక్కి కూర్చున్నాడు. ఎమ్మిగనూరులో మా నాయన, అరవై ఏళ్లు మగ్గం గుంతలో కూర్చుని నేసిన మనిషి, రెండు రోజులుగా నీళ్లు తప్ప తీసుకోవడం లేదు. చిన్నోణ్ణి అడుగుతున్నాడని ఆయన దగ్గరున్న అక్క పొద్దున ఫోన్ చేసింది. నేను ముందటి వారమే చూసి వచ్చాను. తమ్ముడు దసరా నుంచి చూడలేదు.

విమానం అంతకుముందటి ఊరి నుంచే ఆలస్యంగా వచ్చింది. తలుపులు మూసేసరికి మూడూ నలభై నాలుగవుతుందని విశాఖ నుంచి చెప్పారు. నేలమీద పది నిమిషాలు, గాలిలో గంటా ఇరవై అయిదు. ఐదూ పందొమ్మిది. మళ్లీ వేశాను, అదే వచ్చింది. పదిని ఆరుగా రాస్తే సరిపోయేది. ఆరు నిమిషాల్లో పైకి లేచిన రోజులూ ఉన్నాయి. ఆ గడిలో ఏం రాశానని ఎవరూ అడగరు.

కెప్టెన్ ఫోన్ చేసి, వేగం పెంచితే అందుకోగలనేమో చూడమంది. లెక్కలో ఉన్నది పూర్తి వేగమేనని చెప్పాను. తమ్ముడు లోపల ఉన్నాడని చెప్పలేదు. చెప్తే ఆమె మెత్తబడుతుంది, ఆమెను చూసి నేనూ మెత్తబడతాను. సంతకం పెట్టలేదు. విమానం రద్దయింది.

మెట్లు దిగుతూనే తమ్ముడు ఫోన్ చేశాడు.

"నాలుగు నిమిషాల్లో పొద్దు యాడికి పారిపోతాదన్నా?"

"నా చేతిలో లేదురా."

"నీ సేతిలోనే ఉందంటాండారు ఈడోళ్లు."

ఉందని ఒప్పుకున్నాను. రాత్రి ఆఖరి విమానంలో హైదరాబాదుకు రమ్మని, అక్కడి నుంచి ఇద్దరం కారులో పోదామని చెప్పాను. నాయన తొమ్మిదింటికి పోయాడు. ఎనిమిదిన్నర దాకా మాట్లాడాడని, చిన్నోడు ఇంకా రాలేదా అని రెండుసార్లు అడిగాడని అక్క ఫోన్లో చెప్పింది. హైదరాబాదులో దిగిన తమ్ముడికి ఆ మాట నేనే చెప్పాను.

మూడోరోజు కార్యం అయ్యాక బంధువుల ముందే అడిగాడు.

"నువ్వు సంతకం పెట్టింటే ఏడున్నరకు నాయన ముందర ఉంటాంటి. అవునా, కాదా?"

"ఉంటాంటివి" అన్నాను. వాడి లెక్క సరిగ్గానే ఉంది.

ఈరోజు అదే పత్రం నా ముందు పెట్టినా ఐదూ పందొమ్మిదే రాస్తాను. నా పొరపాటు మరోచోట ఉంది. సొంతవాళ్లు ఎక్కిన విమానాన్ని ఇంకొకరికి అప్పగించమని అడగవచ్చు. పక్క బల్ల దగ్గర ఇంకో డిస్పాచర్ ఖాళీగానే ఉన్నాడు, నేను అడగలేదు. తర్వాత పనిలో చేరినవాళ్లకు మొదట నేర్పింది ఇదే. ఆ రోజు పక్క బల్ల అతనికి అప్పగించినా ఆ లెక్కే వేసేవాడు, ఆ విమానాన్నే ఆపేవాడు. తమ్ముడి కోపం మాత్రం పేరు తెలియని మనిషి మీద ఉండేది.