ఎదుటివారి కుర్చీ

మా కాలవల కచేరీలో పెద్దగుమాస్తాగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా అర్జీ పట్టుకొస్తే, ఆ అర్జీ ఎవరి మీదో వారి కుర్చీలోనే తెచ్చినవారిని కూర్చోబెట్టి, దాన్ని పైకి చదివించేవారు.

ఓవర్సీరు తన గది గుమ్మంలో నన్ను నిలబెట్టి, తలెత్తి చూడలేదని నేనొక అర్జీ రాశాను. ఆ అవమానం ఈనాటికీ మరువలేదు. ఓవర్సీరు లాకుల మీదికి వెళ్ళిన వేళ చూసి, పెద్దగుమాస్తాగారు నన్ను అతని కుర్చీలో కూర్చోబెట్టి, తాము గుమ్మంలో నిలబడ్డారు.

"కనబడుతున్నానాండీ?"

కాలవ నీళ్ళ మీద మెరిసే ఎండ గుమ్మంలోంచి కళ్ళలో కొడుతోంది. "లేదండీ" అన్నాను.

"మరి ఆయనకి మాత్రం మీరెలా కనబడతారండీ?"

"చెవులున్నాయి కదండీ! నేను దగ్గాను. గట్టిగానే దగ్గాను."

ఆయన పడీపడీ నవ్వి, "అయితే ఎండ సంగతీ రాయండి, దగ్గు సంగతీ రాయండి" అన్నారు. నా మాట కొట్టిపారేయని మనిషి ఆ కచేరీలో ఆయనొక్కరే.

అలాంటి మనిషి ఉద్యోగం చాలించి, నేను కొవ్వూరు వెళ్ళిన రోజున పడవెక్కి స్వగ్రామం వెళ్ళిపోయారు. ముందురోజు సాయంత్రం దాకా ఎదురుగానే ఉండి, నాతో ఒక్కమాట చెప్పలేదు. కొత్తగా వచ్చిన పెద్దగుమాస్తా అర్జీ తీసుకుని పక్కన పడేస్తాడు. కుర్చీలోంచి లేవడు.

నిన్న ఈ కొత్తవాడు భోజనానికి వెళ్ళినప్పుడు, చెప్పకుండా వెళ్ళిపోయిన ఆ పాత పెద్దగుమాస్తాగారి మీది ఫిర్యాదు తేల్చుకుందామని ఆ కుర్చీలో కూర్చుని చూశాను. అక్కడ కళ్ళలో ఎండ పడదు. నా బల్ల, నా సిరాబుడ్డి, నేను కూర్చునే పీట తిన్నగా కనబడుతున్నాయి. నేను కనబడలేదని చెప్పుకోవడానికి ఆయనకు వీల్లేదు.

అర్జీ రాసి ఉంచాను. చదివించడానికి ఆయనే రావాలి.