వదిన నేర్చుకున్న సైగలు

మా వదిన షర్టుల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. అక్కడ అందరికీ ఆవిడ కాజాలక్క. మా అన్నయ్య కరెంటు పని చేస్తాడు. పెళ్ళయిన ఏడేళ్ళకి కూడా పిల్లలు కలగకపోతే దత్తతకు పేరు రాయించుకున్నారు.

నాలుగేళ్ళకి దత్తత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఐదు నెలల బాబు. అన్నయ్య గదికి తనే రంగు వేశాడు, వదిన చిన్న చిన్న చొక్కాలు కుట్టింది. తీరా బాబుని తెచ్చుకోవడానికి వెళ్ళే ముందురోజు ఆఫీసువాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. బాబు అమ్మమ్మ వెతుక్కుంటూ వచ్చిందట, బిడ్డని తనే పెంచుకుంటుందట.

అన్నయ్య ఆ ఆదివారం నుంచి చర్చి మానేశాడు. వదిన చొక్కాలు మడతపెట్టి అటక మీద పెట్టింది.

"దేవుడి మీద కోపం రాలేదా వదినా?" అనడిగాను.

"ఎందుకు రాదూ? వచ్చింది. ఆయనకే చెప్పా. ఇంకెవరికి చెప్పుకోను?" అంది.

ఆ పిల్లాడి కోసం, వాళ్ళ అమ్మమ్మ ఆరోగ్యం కోసం మాత్రం రోజూ ప్రార్థన చేసేది. నావల్లయితే కాదు.

మరుసటి నెల చర్చికి ముగ్గురు చెవిటివాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఎవరైనా సైగల భాష నేర్చుకుని ప్రసంగం వాళ్ళకి అందించాలని పాస్టరుగారు అడిగితే అందరూ నేల చూపులు చూశారు. వదిన వారం రోజులు ప్రార్థించింది.

"నాకేమీ సరదాగా లేదు. కానీ కాదనడానికి మనసొప్పట్లేదు" అంటూనే క్లాసుల్లో చేరింది. ఫ్యాక్టరీ నుంచి నడుం పట్టేసి వచ్చి కూడా అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుకునేది. ఒకసారి గొర్రెల కాపరి అనబోయి గొర్రెల కసాయి అని చూపించిందట! ముందు వరసలో ఉన్న చెవిటి వడ్రంగి కడుపు పట్టుకుని నవ్వాడు.

అలా రెండేళ్ళు గడిచాక మళ్ళీ ఫోన్. ఈసారి ఆరేళ్ళ పాప. పుట్టు చెవుడు. అప్పటికే నాలుగు జంటలు చూసి వద్దన్నాయి.

"ఇది దేవుడి ప్లాన్ అని మాత్రం అనకు" అన్నాడు అన్నయ్య.

"నేనేమీ అనట్లేదండీ. చూసొద్దాం పదండి."

నేనూ వాళ్ళ వెంట అనాథాశ్రమానికి వెళ్ళాను. పాప కర్టెన్ వెనక దాక్కుని ఉంది. వదిన గొంతుక్కూర్చుని నీ పేరేమిటని చేతులతో అడిగింది. పాప అయోమయంగా చూసింది. ఆ పిల్లకి సైగలు కూడా ఎవరూ నేర్పలేదు. వదిన మొహం వాడిపోయింది. కాసేపటికి తన చెప్పు తీసి చూపించి, చెప్పు అనే మాటకి సైగ చేసింది. మళ్ళీ చేసింది. మూడోసారికి పాప వేళ్ళు కదిలాయి.

ఇక ఆగితేనా! వదినని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. కిటికీ ఏమిటి, చీపురు ఏమిటి, గోడ మీద పిల్లి ఏమిటి, ఆయమ్మ కళ్ళజోడు ఏమిటి? సాయంత్రానికి ముప్పై మాటలు వచ్చేశాయి. తలుపు దగ్గర నిలబడ్డ అన్నయ్య, "నాన్న అని ఎలా చెప్పాలి?" అన్నాడు.

పాప ఇంటికొచ్చాక, దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పమని వదినని అడిగారు. బాబు రాకపోవడమే మేలయింది కదా అని కూడా ఎవరో అన్నారు.

వదిన ఆ మాట ఒప్పుకోలేదు. "ఈ పిల్లతో ఆరేళ్ళు ఎవరూ మాట్లాడకపోవడం దేవుడి ప్లాన్ అంటే నేను నమ్మను. నాకు దారి తెలియనప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, ఆ తలుపు దాకా తీసుకెళ్ళాడు. అంతే నాకు తెలిసింది" అంది.

ఇప్పుడు పాప మూడో తరగతి. వదినతో రోజంతా చేతులతోనే పోట్లాడుతుంది. అన్నయ్య మళ్ళీ చర్చికి వస్తున్నాడు గానీ, చివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంటాడు. దేవుణ్ణి తను అడగాల్సినవి ఇంకా ఒకటి రెండు ఉన్నాయట.

"అడగండి, ఆయనేం పారిపోడు" అంటుంది వదిన.