ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ మాకొద్దు

ఆ రోజుల్లో మాకు పొలాలు పోయినా మెడ మాత్రం వంగలేదు. ఆళ్లగడ్డలో మా తాత కూర్చున్న అరుగు కూడా ఎవరిదో అయిపోయింది. నేను నంద్యాలలో విత్తనాల కంపెనీలో చిన్న ఉద్యోగం చేస్తూ, మిద్దెమీద ఒక అద్దెగదిలో ఉండేవాణ్ణి. అయినా ఎవరైనా టీ ఇప్పిస్తానంటే ‘ఇప్పుడే తాగాను’ అనేవాణ్ణి (తాగి ఉండేవాణ్ణి కాదు). ఊరికే వచ్చింది పుచ్చుకోకపోవడం ఒక్కటే మాకు మిగిలిన ఆస్తి అని నా నమ్మకం. ఆ ఆస్తిని ఒక సాఫ్ట్‌వేర్ విషయంలో ఎలా కాపాడుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆళ్లగడ్డలో ఉండే మా మేనత్తకు ఒక నలుగు పాట వచ్చు. మా ఇంటి ఆడపిల్లలకు పెళ్లికి ముందు పసుపు పూస్తూ పాడే పాట. ఆమెకు తప్ప ఎవరికీ పూర్తిగా రాదు. ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ తర్వాత గొంతు మునుపటిలా ఉంటుందో లేదో చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆలోపే ఆ పాటను రికార్డు చేయాలని గదిని స్టూడియోగా మార్చాను. గోడలకు బొంతలు, కిటికీకి గోనెసంచులు, బల్లమీద పాత కంప్యూటరు, దాని ముందు కొత్త మైకు. ఇక సాఫ్ట్‌వేర్ ఒక్కటే తక్కువ.

పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే నా మిత్రుణ్ణి అందరూ కీబోర్డు భాయ్ అనేవారు. నన్ను మాత్రం అతను ‘దొరా’ అని పిలిచేవాడు, గౌరవంతో కాదు.

“ఈ సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తాది దొరా. దీంట్లో అన్నీ ఉండాయి. దింపుకో, పాడించుకో.”

“ఊరికే తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు.”

“అట్లయితే పెద్ద స్టూడియోలోళ్లు వాడేది పెన్‌డ్రైవ్‌లో ఏసుకొస్తా. తాళం పగలగొట్టిన సరుకు.”

“దొంగసొత్తా!”

“ఊరికే వద్దు, దొంగది వద్దు. కొనేకి దుడ్లు యాడుండాయప్పా నీకాడ?”

నేను సాఫ్ట్‌వేర్లను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తూనే ఉన్నాను. అత్త ఫోన్ చేసి “ఏం రా, పెండ్లిసంబంధం చూస్తాండావా, మిషను చూస్తాండావా?” అనేది. చివరికి పెద్ద స్టూడియోలవాళ్లు వాడేదాన్నే ట్రయల్‌గా దింపుకున్నాను (కొనబోయేవాడు సరుకును ముందు చూసుకోవడం ఊరికే పుచ్చుకోవడం కాదని నా వాదన).

అత్త బస్సు దిగి వచ్చింది. మైకు ముందు కూర్చుని, “ఎదురుగా పెండ్లికూతురు లేకుండా ఎట్ల పాడేది? బొంతలకు పాడాల్నా?” అంది. కీబోర్డు భాయ్ క్షణం ఆలోచించలేదు. నా తువ్వాలు ముసుగేసుకుని పీటమీద కూర్చుని, “నేనే పెండ్లికూతురు అత్తా, కానీ!” అన్నాడు. అత్త నవ్వి, అతని చెంపలకు పసుపు రాసి, పాట ఎత్తుకుంది. ఆ గొంతు ఇక్కడ రాయడం నా చేతకాదు. ముసుగులో భాయ్ ముక్కు చీదడం కూడా రికార్డులో పడింది.

పాట అయ్యాక సేవ్ నొక్కాను. కొంటేనే దాచుకోవచ్చని తెరమీద ఒక చీటీ వచ్చింది.

“పాట ఇంకా లోపలే ఉండాది దొరా. స్పీకరు బాక్సులో మోగించు, నా ఫోన్‌లో పట్టేస్తా.”

“మా అత్త పాట ఫోన్‌లోనా?”

“యాడ పట్టినా పాటే గదప్పా!”

నేను ఒప్పుకోలేదు. వాళ్ల బావ క్రెడిట్ కార్డు అప్పుగా తెస్తానని భాయ్ పసుపు చెంపలతోనే పరుగెత్తాడు (అప్పు చేయడం మాకు నామోషీ కాదు, పొలాలన్నీ అలాగే పోయాయి). కరెంటు మీద బరువు పడుతుందేమోనని ఫ్యాను కూడా ఆపేసి, నేను చెమటలు కక్కుతూ కాపలా కూర్చున్నాను. గాలి లేచింది. కరెంటు పోయింది.

“పాట పోయిందత్తా.”

“యాడికి పోయింది?”

మళ్లీ పాడమన్నాను. అత్త తల అడ్డంగా ఊపింది. ఒకే పెళ్లికూతురికి రెండుసార్లు నలుగు పెడితే పెళ్లి చెడుతుందని మా ఇంటి ఆనవాయితీ. “ఆ కీబోర్డు పిల్లోడికింకా పెండ్లి కాలేదు, పాపం. నువ్వు కూచో, పాడతా.”

“నేనా? ముసుగేసుకునా?”

“ఈడ ఇంకెవరుండారు?”

నా ఫోన్ జేబులోనే ఉంది. తువ్వాలు పీటమీదే ఉంది. నేను వెన్ను నిటారుగా పెట్టి, “ఆపరేషన్ కానీలే అత్తా, తర్వాత చూద్దాం” అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, చెప్పులేసుకుని బస్టాండుకు బయలుదేరింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది. అంత గంభీరంగా నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే కోపం రావాలి. ఎందుకో జాలితో కూడిన నవ్వే వస్తుంది. ఇప్పుడు నేను ఊరికే వచ్చే సాఫ్ట్‌వేరే వాడుతున్నాను. నిజమే, దాంట్లో అన్నీ ఉన్నాయి. అత్త వచ్చినప్పుడల్లా ఒక్కో చరణం నా చెవిలో అందిస్తుంది, నేను మైకులో పాడతాను. తప్పితే నా తొడమీద చరుస్తుంది. మొన్న ఒక చరణం చరవకుండా విన్నది. ‘బాగుందా?’ అన్నట్టు చూశాను. “నువ్వు పాడితే పెండ్లికూతురు పీట మింద నుంచి లేసి పారిపోతాదిరా” అని గుసగుసలాడింది. ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. తర్వాత విని చూస్తే రికార్డులో నా నవ్వొక్కటే ఉంది. ఆ ముక్కను నేను తీసేయలేదు.