బొమ్మనహళ్లిలో తప్పిపోయినవాడు

ఆ రోజుల్లో బెంగళూరు రైలెక్కిన ప్రతి డిగ్రీ కుర్రాడి సూట్‌కేసులోనూ బట్టలతో పాటు తనకన్నీ తెలుసన్న నమ్మకం కూడా మడతపెట్టి ఉండేది. నా సూట్‌కేసు కాస్త పెద్దది. బీకాం సెకండ్ క్లాసు, టైపు లోయర్ పాసు, తెనాలి దగ్గర మా ఊరి చర్చిలో యువజన సంఘానికి రెండేళ్లు కార్యదర్శిగా వెలగబెట్టిన అనుభవం (ఆ సంఘంలో సభ్యులం ఆరుగురం, అందులో నలుగురు ఒకే ఇంటివాళ్లు). తొంభైల మధ్యలో ఒక జూన్ నెలలో అంత సరంజామాతో మడివాళలో మా అత్త ఇంట్లో దిగాను. ఉద్యోగం దొరికేదాకా అక్కడే ఉంటాడని నాన్న ఉత్తరం రాశాడు. అలా ఉన్న ఎనిమిది నెలల్లో నేను చేసిన ఒక ఘనకార్యం మా బంధువర్గంలో ఈనాటికీ కథగా నడుస్తోంది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, చర్చి బయట కాఫీల దగ్గర ఎవరో ఒకరు ఎత్తుకుంటారు: "మన పెద్దోడు ఒకసారి బొమ్మనహళ్లిలో తప్పిపోయాడు, గుర్తుందా?" అందరూ నవ్వుతారు. చాలా ఏళ్లు నేనూ నవ్వాను. ఆ కథలో ఒక్క ముక్క తప్ప మిగతాదంతా నిజమే. తప్పిపోయిన మనిషి పేరు ఒక్కటే తేడా.

పెద్దోడంటే మా అత్త కొడుకు, నాకు బావ. నాకంటే అయిదేళ్లు పెద్ద. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది. మాటలు తక్కువ, ఉన్నవి పొట్టిపొట్టి వాక్యాలు. చదవడం రాదు. అలాగని పాపం, అమాయకుడు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వంకాయ కూర వండితే కంచం తోసేసేవాడు, క్యారమ్స్‌లో ఓడిపోతే రెండు రోజులు అలిగేవాడు, నా జుట్టు దువ్వుకోవడం చూసి "ఏం బామ్మర్దీ, పెండ్లికా?" అని రోజూ అడిగేవాడు. మా అత్త నర్సు. ఆవిడ పెళ్లాడిన మామయ్యది తరతరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. పాత స్కూటరు, పెద్ద గొంతు, కొడుకంటే ప్రాణం. ఆ ప్రాణం ఎంత గట్టిదంటే, ఇరవై ఏడేళ్లొచ్చినా కొడుకుని వీధి చివరి అంగడికి కూడా ఒంటరిగా పంపేవాడు కాదు.

ఆ ఏడాదే బావకి ఉద్యోగం వచ్చింది. (నాకంటే ముందు. ఈ విషయం బావ నాకు వారానికి రెండుసార్లు గుర్తుచేసేవాడు.) చందాపురలో సబ్బులు చుట్టే చిన్న కంపెనీవాళ్లు, బావ చదివిన ప్రత్యేక పాఠశాల నుంచి ముగ్గురిని తీసుకున్నారు. పాఠశాల టీచరమ్మ ఇంటికొచ్చి చెప్పింది: "బస్సులో ఒంటరిగా వెళ్లడం నేర్పించండి. నెల రోజులు ఎవరైనా వెంట వెళ్లండి. తర్వాత ఒక రోజు దూరంగా ఉండి, తనకి తానుగా వెళ్లనిచ్చి చూడండి. అవసరమైతే తప్ప కలగజేసుకోవద్దు." మామయ్య చాలాసేపు మీసం దువ్వాడు. "సరేమ్మా. కానీ ఒగ్గ రోజు ఏదన్నా తప్పు జరిగి ఎడవట్టయితే, ఆడికి నిలిపేస్తా. మళ్లీ నన్ను అడగొద్దు." పనీపాటా లేకుండా ఇంట్లో ఉన్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి గురువు పదవి నాకు దక్కింది.

ఆ ఊరికొచ్చి నాలుగు వారాలైన నేను, ఆ ఊళ్లో పుట్టిన మనిషికి దారి నేర్పడం మొదలుపెట్టాను. అట్టముక్క మీద బస్సు బొమ్మ వేశాను. స్టాపుల పేర్లు వరసగా వల్లె వేయించాను. బావ మర్యాదగా విని, బస్సెక్కాక తన పద్ధతిలో తాను వెళ్లేవాడు. ఆయన లెక్క వేరు. బొమ్మనహళ్లి దగ్గర రోడ్డు గుంతలకి మూడుసార్లు ఎగిరిపడాలి, ఆ తర్వాత నీలం గేటు, తర్వాత రంపపు మిల్లు చప్పుడు, ఆపైన ఎడమవైపు చర్చి సిలువ కనబడగానే లేచి నిలబడాలి. నేను రెండుసార్లు తప్పు స్టాపులో దిగబోతే చొక్కా పట్టి వెనక్కి లాగాడు. "ఇంగా సిలువ రాలే బామ్మర్దీ." ఇక కండక్టరు సంగతి. తలుపు దగ్గర బావ కనిపించగానే "బన్ని సార్, బన్ని" అని కన్నడంలో పిలిచి, మగవాళ్ల తలుపు పక్కన కిటికీ సీటు చూపించేవాడు. బావని సార్ అని పిలిచిన మనిషి నాకు తెలిసి లోకంలో ఆయనొక్కడే. ఆ పిలుపు విన్నప్పుడల్లా బావ కాలరు సర్దుకునేవాడు. నన్ను మాత్రం "ముందక్కె హోగప్పా" అని లోపలికి నెట్టేవాడు.

పరీక్ష రోజు వచ్చింది. టీచరమ్మ చెప్పింది దూరంగా ఉండమని మాత్రమే. నాకది చప్పగా అనిపించి, యువజన కార్యదర్శి హోదాలో నా సొంత నిబంధన ఒకటి చేర్చాను. గేటు దగ్గర బావని ఆపి, వేలు చూపించి మరీ చెప్పాను: "బావా, ఇవాళ బస్సులో నేను కనబడినా నాతో మాట్లాడకూడదు. నేనెవరో నీకు తెలియదు. ఎవరడిగినా తెలియదనే చెప్పాలి. మాట?" "మాట" అన్నాడు బావ. నేను మామయ్య మంకీ క్యాపు తగిలించుకుని, చేతిలో పేపరు పట్టుకుని, వెనక సీట్లో కూలబడ్డాను. ఆగస్టు నెల, మబ్బుపట్టిన పొద్దు. సీఐడీ పనికి అన్నీ అనుకూలంగానే ఉన్నాయి, ఒక్క నా కడుపు తప్ప. ఆ రోజు ఘనమైన రోజని అత్త పొద్దున్నే రాగిసంగటి కెలికి, రెండు ముద్దలు చికెన్ పులుసుతో పెట్టింది. ఆ దేశపు కడుపులకు అది బలం. ఇడ్లీకి అలవాటుపడ్డ నా కోస్తా కడుపుకి అది మత్తుమందు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకోవడం వరకు గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది. ఒక్క మనిషి లేడు. డ్రైవరు ముందర బానెట్ తెరిచి లోపలికి తల పెట్టి ఎవరినో తిడుతున్నాడు. "అందరూ ఎక్కడ?" అంటే, "గాడి కెట్టోయితు, బండి చెడిపాయె. బేరే బస్సులో ఎక్కించి పంపేసినాం. నిన్ను లేపి లేపి సాకైపాయె" అన్నాడు. అది బొమ్మనహళ్లి. బావ ఏడి? కాస్త బుర్ర ఉన్నవాడైతే, జనంతో పాటే వేరే బస్సెక్కి పనికి వెళ్లుంటాడని అనుకుంటాడు. నాకు డిగ్రీ ఉంది కదా, అలా అనుకోలేదు. బొమ్మనహళ్లిలో ప్రతి టీ కొట్టూ, ప్రతి సందూ వెతికాను. తర్వాత వచ్చిన బస్సేదో ఎక్కాను. నీలం గేటు చూడలేదు, మిల్లు చప్పుడు వినలేదు, సిలువ సంగతే మర్చిపోయాను. దిగేసరికి అత్తిబెలె. ఇంకొంచెం ముందుకు పోతే తమిళనాడు. అక్కడి ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను.

"మామయ్యా, బావ తప్పిపోయాడు."

"యాడప్పా?"

"బొమ్మనహళ్లిలో దిగిపోయాడు."

"నువ్వు యాడ ఉండావు?"

"అత్తిబెలెలో."

"బొమ్మనహళ్లిలో పోయినోడికి అత్తిబెలెలో ఏం చేస్తుండావప్పా?"

"వెతుకుతున్నాను" అన్నాను.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించుకోవచ్చు. అత్త డ్యూటీ మధ్యలో పరుగెత్తుకొచ్చింది. చర్చి నుంచి నలుగురు ఆంటీలు వచ్చి హాల్లో మోకాళ్లూనారు. మామయ్య స్కూటరు మీద బొమ్మనహళ్లిని మూడు చుట్లు చుట్టాడు. కంపెనీకి వెళ్లి చూద్దామని ఎవరికీ తోచలేదు. తప్పిపోయినవాడు వేళకి పనిలో కూర్చుని ఉంటాడని ఎవరనుకుంటారు? చివరికి మధ్యాహ్నం వేళ, మామయ్య ఏడుపు మొహంతో ఆ మాట చెప్పడానికే చందాపుర వెళ్లాడు. బావ బల్ల ముందు కూర్చుని సబ్బులు చుడుతున్నాడు. తండ్రిని చూసి చిరాకుపడ్డాడు. "నాయినా, ఈడ నీకేం పని?"

సాయంత్రం హాల్లో పంచాయతీ కూర్చుంది. ఆంటీలు కూడా ఉన్నారు (ప్రార్థన ఫలించాక కాఫీ తాగకుండా వెళ్లరు కదా). బావే మొదలుపెట్టాడు. "బస్సు చెడిపోయె. అందరం దిగితిమి. ఇంగో బస్సు వచ్చె. ఎక్కితి."

మామయ్య నా వైపు తిరిగాడు. "నిజమేనా అప్పా? నువ్వు చూడలేదా?"

"చూస్తూనే ఉన్నాను మామయ్యా. బస్సు కాస్త ఆగింది. అంతలో జనంలో..."

"వీడు నిద్రపోతా ఉండాడు" అన్నాడు బావ.

హాలు హాలంతా నన్నే చూసింది. నేను నవ్వాను. "నేనా? నిద్రా?" ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. చాలా బాగా నవ్వాను.

అత్త అడిగింది, "మరి నిద్రపోతుంటే లేపలేదేంరా?"

"మాట్లాడొద్దనె" అన్నాడు బావ. "కండక్టర్ అడిగె, నీవాడా అని. నాకు తెలీదంటి."

అంతే. మామయ్య రెండు చేతులూ పైకెత్తాడు. "వింటివా? సొంత బామ్మర్దినే తెలీదన్నాడంట! వీణ్ని ఒగణ్ణే బస్సులో పంపాల్నా?" ఆంటీలు ఉస్సురన్నారు. అత్త కళ్లు తుడుచుకుంది. ఒక్క వాక్యం చాలు ఆ క్షణంలో. ఆ మాట అనమని నేనే చెప్పాను, బావ మాట నిలబెట్టుకున్నాడు అని. బావ నా వైపే చూస్తున్నాడు, నేను అది చెబుతానని, చాలా మామూలుగా, కాఫీ కోసం ఎదురుచూసినట్టు. నేను గ్లాసులోకి చూశాను. నా మాటకి డిగ్రీ ఉంది, బావ మాటకి లేదు. తీర్పు అయిపోయింది.

మర్నాటి నుంచి బావ స్కూటరు వెనక కూర్చుని పనికి వెళ్లాడు. ఎనిమిది నెలలు. కిటికీ సీటు లేదు, నీలం గేటు లేదు, "బన్ని సార్" లేదు. తోటివాళ్లు ఇద్దరూ బస్సు దిగి నడిచొస్తుంటే, బావని మాత్రం మామయ్య గేటు లోపలిదాకా దింపేవాడు. "ఏం బామ్మర్దీ, పెండ్లికా?" అని అడగడం మానేశాడు. నేను జుట్టు దువ్వుకుంటూ, ఆ ప్రశ్న కోసం అద్దంలో వెనక్కి చూసేవాణ్ని. ఆ మధ్యలోనే నాకు యలహంకలో గుమాస్తా ఉద్యోగం దొరికి, నా పెద్ద సూట్‌కేసుతో బయటపడ్డాను.

బావని మళ్లీ బస్సెక్కించింది నేను కాదు. ఒక పొద్దున మామయ్య స్కూటరు మొరాయించింది. ఆయన వంగి ప్లగ్గు తుడుస్తుంటే, బావ కాసేపు చూసి, క్యారేజీ తీసుకుని, గేటు తెరుచుకుని వెళ్లిపోయాడు. ప్లగ్గు బిగించి తలెత్తేసరికి కొడుకు లేడు. సాయంత్రం వేళకి బస్సు దిగి వచ్చి, టిక్కెట్లు రెండూ తండ్రి ముందు బల్ల మీద పెట్టి, "పోయొచ్చినా" అన్నాడట. మామయ్య ఆ టిక్కెట్లని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడట. ఆ తర్వాత బావ రోజూ ఒంటరిగానే వెళ్లాడు. కానీ కథ మాత్రం అలాగే ఉండిపోయింది. 'తప్పిపోయినవాడు, పాపం తర్వాత నేర్చుకున్నాడు' అని చివర ఒక తోక కూడా మొలిచింది.

రెండువేల సంవత్సరం దాటాక నా నిశ్చితార్థం భోజనాలు మడివాళ ఇంట్లోనే జరిగాయి. ఆడపెళ్లివారిని నవ్వించడానికి మామయ్య ఆ కథ ఎత్తుకున్నాడు. "మావోడు ఒగసారి ఏం చేసినాడంటే..." బావ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కోడి కూర, ఆయనకి ప్రాణం. సగం కూడా తినలేదు. నాకు ఆ రోజు ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. బహుశా ఆ సగం కంచం నుంచే. లేచి నిలబడి, "మామయ్యా, తప్పిపోయింది నేను" అన్నాను. సంగటి నుంచి అత్తిబెలె దాకా, మంకీ క్యాపుతో సహా చెప్పాను. పెళ్లికూతురి తండ్రి కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు. మామయ్య గొంతు మొదటిసారి చిన్నదైంది. "ఎనిమిది నెలలు వాణ్ని స్కూటరు మీద తిప్పితి కదప్పా. వాడు చెప్తానే ఉండె."

తడి చేత్తో గుమ్మంలో నిలబడి ఉన్న బావ నన్ను అడిగాడు: "ఇప్పుడు మాట్లాడొచ్చునా?"

"మాట్లాడు బావా."

"కండక్టర్‌కి చెప్పినా, ఆ టోపీ మనిషిని లేపమని. లేపె. నువ్వు లెయ్యలే. గురక." అని, ఆ గురక ఎలా ఉందో చేసి చూపించాడు. శ్రద్ధగా, ఊపిరి తీసుకునే చోట ఈలతో సహా. నాకు కాబోయే భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుంది. (పెళ్లయిన వారానికి, ఆ ఈల అచ్చం అలాగే ఉంటుందని ధ్రువీకరించింది.) నేను క్షమించమని అడిగాను. బావ ఆలోచించి, "చూద్దాం" అన్నాడు. వెళ్లి కంచం ముందు కూర్చుని, నా కంచంలోని కోడి కాలు కూడా తీసుకున్నాడు. ఆ 'చూద్దాం' గడువు ఎప్పుడు ముగిసిందో నాకు చెప్పలేదు. మరుసటి నెల నా పెళ్లి రోజున, అద్దం ముందు నా వెనక నిలబడి, "ఏం బామ్మర్దీ, పెండ్లికా?" అన్నాడు. అవునన్నాను. కళ్లలో ఏదో పడిందని కూడా అన్నాను.

నిశ్చితార్థం రోజు భోజనానికి వచ్చింది పద్నాలుగు మంది. పాత కథ విన్నవాళ్లు మడివాళ నుంచి తెనాలి దాకా ఉన్నారు, ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. వాళ్లందరి కోసమే ఈ రాత.

మామయ్య ఇప్పుడు లేడు. సబ్బుల కంపెనీ మూతపడింది. బావ ఒక పూలమొక్కల తోటలో సంచుల్లో మట్టి నింపే పనికి వెళ్తున్నాడు, ఆదివారాలు రెండు బస్సులు మారి యలహంక మా ఇంటికొస్తాడు. మొన్న ఆదివారం ఆయనతో పాటు నేనూ మడివాళ బయల్దేరాను. కిటికీ సీటు ఆయనది, అందులో చర్చ లేదు. భోంచేసి ఎక్కానేమో, ఎక్కడో కన్ను మూతపడింది. పక్కటెముకల్లో మోచెయ్యి దిగింది.

"లెయ్యి బామ్మర్దీ. మడివాళ."

ఉలిక్కిపడి బయటికి చూశాను. "ఇంకా రెండు స్టాపులున్నాయి కదా బావా?"

"నువ్వు లేసేకి టైం పడ్తాది" అన్నాడు బావ, కాలరు సర్దుకుంటూ.

ఇరవై రెండేళ్లప్పుడైతే నేను ఆయనకి స్టాపుల పేర్లు వల్లె వేయించేవాణ్ని. ఇప్పుడు సంచీ ఒళ్లో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టుకుని, ఆ రెండు స్టాపులూ కళ్లు పెద్దవి చేసుకుని బుద్ధిగా కూర్చున్నాను.